పక్క లైను దగ్గర లోవలక్ష్మి

మండపేటలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లోవలక్ష్మి డ్రిల్లు టీచరు. పొడగరి, చామనఛాయ, నడకలో ఇప్పటికీ ఆటమనిషి పొగరు కనిపిస్తుంది. పుట్టిల్లు తుని అవతల సముద్రపొడ్డున ఒక చిన్న పల్లె. తండ్రీ మేనమామలూ అందరూ చేపల వేటకెళ్ళేవాళ్ళే. ఆ ఇంట్లోంచి ఆమె ఒక్కతే చదువుకుంది. కబడ్డీలో జిల్లా జట్టుకి ఆడి, ఆ సర్టిఫికెట్ల మీద ఉద్యోగం తెచ్చుకుంది. చూసినవాళ్ళు ఈవిడకి భయం అంటే ఏమిటో తెలీదనుకునేవారు. ఆమె ఎంత భయస్తురాలో భర్త గణేష్‌బాబుకి మాత్రమే తెలుసు.

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు. తొంభై ఆరులో ఒక ఊళ్ళో హైస్కూళ్ళ కబడ్డీ పోటీలకి ఆమెని రిఫరీగా వేశారు. ఆఖరి కూతకెళ్ళిన పిల్ల పక్క గీత తొక్కింది. లోవలక్ష్మి కళ్ళారా చూసి చెయ్యెత్తింది. తొక్కిన పిల్లది ఆ ఊరే. రెండు నిమిషాల్లో జనం మైదానంలోకి వచ్చేశారు. ఎండిన మట్టిబెడ్డ ఒకటి వచ్చి చెవి పక్కన తగిలింది. హెడ్మాస్టారు ఆమెని లాక్కెళ్ళి సైన్సు గదిలో పెట్టి, మంచికే అనుకుని, బయట తాళం వేశారు. కిటికీ రెక్కల మీద బెడ్డలు టపటపా పడుతుంటే మూడు గంటలసేపు ఆమె నేలమీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. పోలీసు జీపు వచ్చాక గానీ తలుపు తియ్యలేదు. చెవి దగ్గర దెబ్బ వారంలో మానింది. ఆ తర్వాత రిఫరీ పని అనేసరికి ఆమెకి నడుం నొప్పో, చుట్టాలింట్లో పెళ్ళో వచ్చిపడేది.

రెండువేల రెండు జనవరిలో రాజమండ్రి నుంచి వచ్చిన ఆర్డరుకి మాత్రం ఏ వంకా పనికిరాలేదు. అక్కడొక క్లబ్బులో ఆడవాళ్ళ టెన్నిస్ టోర్నమెంటు జరుగుతుంది, లైను అంపైర్లు కావాలి, చూపు బాగున్న డ్రిల్లు టీచర్లు ఫలానా రోజు హాజరు కావాలి అని ఉంది. లోవలక్ష్మి చూపు బాగుంటుందని ఎవరు రాసి పంపారో తెలీదు. నిజానికి బాగానే ఉంటుంది.

పేపర్లో ఫొటోలు పడే పెద్ద టెన్నిస్ కాదది. ప్రపంచంలో ఏడొందలో తొమ్మిదొందలో ర్యాంకున్న అమ్మాయిలు, ఒకటి రెండు పాయింట్లు దక్కితే చాలని ఊరూరా తిరిగి ఆడుకునే టోర్నమెంటు. ఎవరి బ్యాగు వాళ్ళే మోసుకుంటారు. ఆడిన బట్టలు హోటలు బాత్రూములో ఉతుక్కుని, కోర్టు పక్కన ఇనపకంచె మీద ఆరేసుకుంటారు.

శిక్షణ ఇచ్చింది అప్పాజీ గారని, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. టీచర్లందరినీ ఎర్రమట్టి కోర్టు అంచున నిలబెట్టి, చేత్తో బంతులు విసురుతూ నేర్పారు.

"లోపల పడితే నోరెత్తక్కర్లేదు. రెండు చేతులూ ఇలా కిందకి చాపితే చాలు. బయట పడితే మాత్రం కేక పెట్టాలి, చెయ్యి పక్కకి చాపాలి. ముందు కేక, తర్వాత చెయ్యి. ఒంటరి ఆటకి లోపలి లైను, జంటల ఆటకి బయటి లైను. ఇది మర్చిపోతే కొంప మునుగుతుంది."

"ఎవరన్నా అడ్డమొచ్చి చూడలేకపోతే ఏం చెయ్యాలండీ?" అని ఒకాయన అడిగాడు.

"రెండు చేతులూ కళ్ళ ముందు పెట్టుకోండి. నేను చూడలేదు అని దానర్థం. పైన కుర్చీలో అంపైరు ఉంటుందిగా, ఆవిడ చెబుతుంది. కావాలంటే దిగొచ్చి మట్టిలో బంతి పడిన గుర్తు చూసుకుంటుంది. కానీ అస్తమానూ అలా పెట్టుకుంటే మిమ్మల్ని ఇంటికి పంపేస్తాం."

అందరూ నవ్వారు. లోవలక్ష్మి నవ్వలేదు. కేక అన్నమాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

మొదటి మూడు రోజులు ఒంటరి ఆటలు. చూసేవాళ్ళు పదిమంది కూడా ఉండేవారు కాదు. అయినా ఆమె పెట్టిన కేక ఆమెకే వినపడేది కాదు. చెయ్యి చూసి అంపైరు అర్థం చేసుకునేది. సాయంత్రం అప్పాజీ గారు పక్కకి పిలిచి, "కన్ను బాగుందమ్మా. గొంతే లేదు. ఎవర్ని చూసి భయపడుతున్నావు, ఇక్కడ కాకులు తప్ప ఎవరున్నారు?" అన్నారు.

"ఎవర్నీ కాదండి," అంది ఆమె.

శుక్రవారం నాడు జంటల సెమీఫైనళ్ళు. పొద్దున్నే బస్సుకి బయల్దేరుతుంటే గణేష్‌బాబు చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాడు. అతను ఒక రైసుమిల్లులో గుమస్తా. మిల్లు బుల్లిరాజు గారిది.

"సాయిదుర్గమ్మ గారు ఇయ్యాళ ఆడుతున్నారంట, తెలుసా?" అన్నాడు.

బుల్లిరాజు గారి కూతురు సాయిదుర్గ రాజమండ్రిలోనే చదువుకుంటూ టెన్నిస్ నేర్చుకుందని లోవలక్ష్మికి తెలుసు. పుణె అమ్మాయి ఒకామెతో కలిసి జంటల్లో పేరిచ్చిందని తెలుసు. సెమీస్ దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

"మిల్లు పూటకి ఆపేసేరు. రెండు వేన్లు, ఒక లారీ పెట్టేరు. నన్నూ రమ్మన్నారు గానీ లోడు ఉందని ఉండిపోయేను." అతను మాట వెతుక్కున్నాడు. "లైనుకి దగ్గరదగ్గరగా పడితే, నువ్వు ఊరికే చేతులు కిందకి పెట్టేసేవనుకో, ఎవరికి తెలుస్తాది చెప్పు."

"ఆవిడ కొట్టిందా అవతలోళ్ళు కొట్టిందా అని చూసుకుని పెట్టాలాండీ?"

గణేష్‌బాబు వంగి రెండో చెప్పు వెతుక్కున్నాడు. ఆమె కన్నా అతనే ఎక్కువ భయపడుతున్నాడని లోవలక్ష్మికి అర్థమైంది. ద్వారపూడి దాటేవరకూ బస్సులో ఆమె పట్టుకున్న కిటికీ కమ్మీ వదల్లేదు.

క్లబ్బుకి చేరగానే నేరుగా అప్పాజీ గారి దగ్గరికెళ్ళింది.

"సార్, ఆ మండపేట అమ్మాయి మా ఊరమ్మాయండి. మా ఆయన వాళ్ళ మిల్లులోనే పని చేస్తారండి. నన్ను ఈ ఆటకి వెయ్యకండి సార్."

అప్పాజీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇద్దరు టీచర్లు ఆ రోజు రాలేదు. ఒకాయనకి జ్వరం, ఇంకొకాయన కబురే లేదు. "నువ్వు ముందే చెప్పావు, అది మంచిదే. కానీ నిన్ను తీసేస్తే ఆ లైను దగ్గర నిలబెట్టడానికి నాకు మనిషి లేడమ్మా. అంపైరుకి చెబుతాను, ఆవిడ కూడా ఓ కన్నేసి ఉంచుతుంది. వెళ్ళు." అని మళ్ళీ వెనక్కి పిలిచి, "మంచినీళ్ళు తాగి వెళ్ళు," అన్నారు.

మూడు గంటలకి ఆట మొదలయ్యేసరికి షామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయి, జనం కంచె పొడుగునా నిలబడ్డారు. సాయిదుర్గ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. అవతలి జంట థాయ్‌లాండ్ అమ్మాయిలు. వాళ్ళలో ఒకామెది ఎడమచేతి వాటం. లోవలక్ష్మిని కుడి పక్క బయటి లైనుకి, కోర్టు వెనకాల నిలబెట్టారు. వీపు వెనక మూరెడు దూరంలో ఇనపకంచె, కంచె వెనక మిల్లు జనం. ఆమెకి వాళ్ళు కనపడరు, వినపడతారు.

"ఆ నిలబడ్డావిడ మన గణేష్‌బాబు గారి ఆవిడ కదేంటి?"

"మరేనండి. మనోళ్ళే. ఇంకేం ఫర్వాలేదు."

ఆ మాటకి ఆమె వీపు చల్లబడిపోయింది. తిట్టినా అంత భయం వేసేది కాదేమో.

మొదటి సెట్టు థాయ్ అమ్మాయిలు గెలిచారు. రెండో సెట్టు మధ్యలో సాయిదుర్గ కొట్టిన బంతి ఒకటి లైనుకి జానెడు బయట పడింది. అందరికీ కనపడేంత బయట. లోవలక్ష్మి నోరు తెరిచింది. గొంతులోంచి గాలి వచ్చిందే తప్ప మాట రాలేదు. చెయ్యి మాత్రం చాపింది. కుర్చీలోంచి అంపైరు, చెన్నై నుంచి వచ్చిన సన్నటి అమ్మాయి, తానే పెద్దగా "అవుట్" అని, లోవలక్ష్మి వైపు ఒక్క క్షణం చూసింది. వెనక నుంచి "అదేంటండి మేడమ్" అని ఎవరో సాగదీశారు. ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది. మనవాళ్ళయి ఉండీ ఇలా చేశావేమిటని.

రెండో సెట్టు సాయిదుర్గ వాళ్ళది. మూడోది ఆరూ ఆరూ అయి టైబ్రేక్‌కి వచ్చింది. అందులో ఏడు పాయింట్లు ముందు తెచ్చుకుని, రెండు పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్ళది గెలుపు. అందులోనూ ఆరూ ఆరూ అయింది. రెండు జంటలూ ఇటువాళ్ళటు, అటువాళ్ళిటు మారారు. సాయిదుర్గ ఇప్పుడు లోవలక్ష్మికి పది అడుగుల ముందు నిలబడి ఉంది. ఆ పిల్ల మెడ మీద చెమటలో ఎర్రమట్టి చారలు కూడా కనిపిస్తున్నాయి. వెనక జనం ఈలలు, చప్పట్లు. అంపైరు రెండుసార్లు నిశ్శబ్దంగా ఉండమంది. ఎవరూ వినలేదు.

థాయ్ అమ్మాయి సర్వీసు చేసింది. నాలుగు దెబ్బలు అటూ ఇటూ పడ్డాయి. అయిదోది ఎడమచేతి వాటం పిల్ల పక్క లైను వెంబడి బలంగా కొట్టింది. నెట్టు దగ్గరున్న పుణె అమ్మాయి చెయ్యి చాపినా అందలేదు. సాయిదుర్గ దాని వెంట పరిగెత్తుకొస్తోంది. బంతి నేరుగా లోవలక్ష్మి చూస్తున్న లైను మీదకే దిగుతోంది.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఏదో వచ్చి ఆమె కాలి దగ్గర ఠాప్‌మని పగిలింది.

అది నీళ్ళ ప్యాకెట్టు. ఎవరో ఉత్సాహంలో గాల్లోకి విసిరింది కంచె దాటి పడింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం ఆమె తొంభై ఆరులో ఉంది. భుజాలు ముడుచుకుపోయాయి, కళ్ళు వాటంతట అవే మూసుకుపోయాయి. తెరిచేసరికి బంతి కంచెకి తగిలి దొర్లుతోంది.

"అవుట్, అవుట్" అని వెనక వందమంది అరుస్తున్నారు. థాయ్ అమ్మాయిలు చేతులు పైకెత్తి లోపల పడిందంటున్నారు. సాయిదుర్గ లైను పక్కనే నిలబడి రాకెట్టు తీగలు సర్దుకుంటోంది. తలెత్తలేదు. కుర్చీలోంచి అంపైరు లోవలక్ష్మినే చూస్తోంది.

చెయ్యి పక్కకి చాపితే చాలు. సాయిదుర్గ గెలుపుకి ఒక్క పాయింటు దూరంలో ఉంటుంది, వెనకవాళ్ళు సంతోషిస్తారు, గణేష్‌బాబు రేపు తలెత్తుకుని మిల్లుకెళ్తాడు. కిందకి చాపితే ఈ కంచె ఆగుతుందా? రెండింట్లో ఏది చూపించినా అంపైరు ముందు తన మాటే నమ్ముతుంది. ఆ ఆలోచనకి ఇంకా భయం వేసింది. తను చూడనే లేదు. చూడని దాన్ని చూశానని చెబితే, ఆ రోజు బెడ్డలు తిన్నందుకు కూడా అర్థం లేకుండా పోతుంది.

లోవలక్ష్మి రెండు చేతులూ ఎత్తి కళ్ళ ముందు పెట్టుకుంది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సిగ్గుపడి మొహం కప్పుకుందనుకున్నారో ఏమో, వెనక ఒకడు నవ్వాడు. అంపైరు కుర్చీ దిగి, అంతదూరం నడిచి వచ్చింది. మట్టి మీద వంగి చూసింది. ఒక గుర్తు దగ్గర వేలు పెట్టి, దాని వెంట లైను వరకూ గీసింది. కోడిగుడ్డంత గుర్తు, సగం లైను తెలుపు మీద ఉంది. లేచి నిలబడి చెయ్యి కిందకి చాపింది. లోపలే. ఏడు, ఆరు. థాయ్ అమ్మాయిలకి మ్యాచ్ పాయింటు.

అప్పుడు లేచింది అసలు గోల. కంచె ఊగిపోయింది. లోవలక్ష్మి వెనక్కి తిరగలేదు. ఇప్పుడు సర్వీసు సాయిదుర్గది. మొదటిది నెట్టుకి తగిలింది. రెండోది వెయ్యడానికి ఆ పిల్ల చాలాసేపు బంతి నేలకి కొడుతూ నిలబడింది. అదీ నెట్టుకే తగిలి ఇవతలే పడింది. రెండూ తప్పితే పాయింటు అవతలివాళ్ళది. ఆట అయిపోయింది.

జనం గేటు వైపు కదిలేలోగా అప్పాజీ గారు వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని, నెట్లు, రోలర్లు పెట్టే గదిలోకి తీసుకెళ్ళారు. కుర్చీ వేసి, తలుపు మూయబోయారు.

"తలుపు వెయ్యొద్దు సార్," అంది లోవలక్ష్మి. ఆ రోజు మొత్తంలో ఆమె గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదలు. అప్పాజీ గారు బెదిరి, తలుపు బార్లా తీసి, తానే గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇంకెప్పుడూ పిలవకండి నన్ను," అంది ఆమె. "భయమేసి కళ్ళు మూసుకున్నానండి. ఎవరూ అడ్డం రాలేదు. నేనే మూసుకున్నాను."

"తెలుసమ్మా. చూశాను," అన్నారాయన.

పావుగంటకి సాయిదుర్గ వచ్చింది. మొహం కడుక్కుంది గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోవలక్ష్మి లేచి నిలబడింది. తిట్టడానికే వచ్చిందనుకుంది.

"మీరు మండపేటేనంటగా మేడమ్," అంది ఆ పిల్ల. కాసేపు గోడకానించిన రోలరు వైపు చూసింది. "బంతి లోపలే పడిందండి. నా కాలి పక్కనే కదా. నేను చూశాను."

లోవలక్ష్మి తన కుర్చీ ఆ పిల్ల వైపు జరిపింది.

"చెప్పాలండి నేను. మన వైపు లోపల పడితే మనమే ఒప్పుకుని చెప్పొచ్చు. అంపైరు మిమ్మల్నే చూస్తుంటే, మీరు అవుట్ ఇచ్చేస్తే బాగుండును అనుకున్నాను. నాన్నగారు అక్కడ కూర్చున్నారు. అంతమందిని తీసుకొచ్చేరు." ఆ పిల్ల మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ తర్వాత సర్వీసు వేద్దామంటే చెయ్యి రాలేదండి. ఏదో తప్పు చేసినట్టే ఉంది."

ఆ మాటలు పూర్తి కాకుండానే బుల్లిరాజు గారు గడప దగ్గరికి వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో సెల్‌ఫోను. అప్పాజీ గారు లేచి అడ్డంగా నిలబడ్డారు. లోవలక్ష్మి అరచేతులు చీరకి తుడుచుకుంది.

"గణేష్‌బాబు వాళ్ళావిడివి కదమ్మా నువ్వు?"

"ఆయ్. అవునండి."

"ఆ చేతులు మొహానికి పెట్టుకోటం ఏంటది?"

"చూడలేదని చెప్పడం అండి. నేను చూడలేదండి, నిజంగా."

బుల్లిరాజు గారు నమ్మినట్టు లేరు. సాయిదుర్గ తండ్రి వైపు తిరిగి, నేల చూస్తూ, "లోపలే పడింది నాన్నగారూ. నేను చూశాను," అంది.

ఆయన కూతురి వంక చూశారు. బయట లారీ హారను రెండుసార్లు మోగింది. "అలాగైతే ఇంక గోలెందుకు," అన్నారు చివరికి. బయటికెళ్ళి మిల్లు వాళ్ళతో ఏం చెప్పారో గానీ, పది నిమిషాల్లో లారీ, వేన్లు కదిలిపోయాయి. లోవలక్ష్మిని వేనెక్కమని ఆయన అనలేదు. మంచిమాటా అనలేదు, చెడ్డమాటా అనలేదు.

ఆమె బస్సులోనే వచ్చింది. ఏదో పనుండి ద్వారపూడిలో లారీ దిగిపోయిన మిల్లు కూలీలు ఇద్దరు అక్కడ ఎక్కారు. ఆమెని చూసి గుసగుసలాడుకున్నారు. ఒకడు లేచి ఆమె సీటు దగ్గరికి రావడం చూసి కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"మేడమ్ గారూ, నీళ్ళ ప్యాకెట్టు ఇసిరింది నేనేనండి," అన్నాడతను. "మీకు తగల్లేదు కదండీ?"

"లేదు," అంది. అతను తల గోక్కుని వెళ్ళిపోయాడు. అతను దిగిపోయాక ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇంటికొచ్చి జరిగినదంతా చెబితే గణేష్‌బాబు అన్నం కలిపి అలాగే కూర్చుండిపోయాడు. మర్నాడు మిల్లులో అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం నుంచి మాత్రం ఆఫీసు గదిలోంచి తీసి తవుడు గోడౌన్లో వేశారు. నెలన్నర అక్కడే ఉన్నాడు. మళ్ళీ ఎందుకు పిలిచారో కూడా ఎవరూ చెప్పలేదు. ఆ నెలన్నరా ఇంటికొచ్చి, చొక్కా దులుపుకుని, ఆమెతో ఏమీ అనకుండా స్నానానికి వెళ్ళేవాడు. ఏదైనా అంటే బాగుండునని ఆమెకి ఉండేది.

ఇక ఆ టోర్నమెంటు ఫైనలుకి ఆమె వెళ్ళకూడదనే అనుకుంది. అయితే ఆర్డరు ఆదివారం దాకా ఉంది. వెళ్ళకపోతే మెమో ఇస్తారని ఇంకో భయం. ఆ భయమే ఆమెని బస్సెక్కించింది. అదే కోర్టు. జనం పాతికమంది ఉన్నారేమో, మిల్లు వాళ్ళెవరూ లేరు. లోవలక్ష్మి ఏడుసార్లు అవుట్ అంది. మొదటిది గొణిగినట్టు వచ్చింది. నాలుగోదానికి నెట్టు దగ్గరున్న పిల్ల ఉలిక్కిపడింది. థాయ్ అమ్మాయిలు ఓడిపోయారు. ఇంటికొచ్చేసరికి ఆమెకి ఒళ్ళు కాలిపోతోంది. రెండు రోజులు బడికి సెలవు పెట్టింది.

సాయిదుర్గ ఇంకో రెండేళ్ళు ఆడి మానేసి, విశాఖపట్నంలో పై చదువుకి వెళ్ళింది. అప్పాజీ గారు మాత్రం ఎక్కడ టోర్నమెంటు జరిగినా లోవలక్ష్మికి కబురు పెట్టడం మానలేదు. ఆమె కాకినాడ వెళ్ళింది, విశాఖ వెళ్ళింది, హైదరాబాదు రెండుసార్లు వెళ్ళింది. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ అంపైరు కూర్చునే పై కుర్చీ ఎక్కలేదు, ఎక్కమన్నా ఎక్కనంది. ఆటున్న రోజు పొద్దున్న ఒక్క ఇడ్లీ కూడా గొంతు దిగేది కాదు.

"అంత భయమైతే ఎందుకెళ్తావు మరి?" అని ఒకసారి గణేష్‌బాబు అడిగాడు.

లోవలక్ష్మి బ్యాగులో టోపీ సర్దుకుంటూ, "ఇంట్లో కూర్చున్నా భయమేనండి నాకు," అంది. "అక్కడైతే చూడ్డానికి ఒక లైనుంటుంది."

బస్సు టైమవుతోందని అతను స్కూటరు బయటికి తీశాడు.